గోడలో దాచిన కాక్‌టెయిల్

*లండన్‌లో 'పాతకాలపు బార్' అని చెప్పుకునేవి వీధికొకటి కనిపిస్తాయి. వాటిలో అసలైన పాత బార్‌ని పట్టుకోవడం ఎలా? గోడల్ని, దీపాల్ని చూస్తే సరిపోదు. బల్ల వెనక నిలబడి గ్లాసులు నింపినవాళ్ల కథలు తెలియాలి.*

1979లో లండన్‌లోని డోర్చెస్టర్ హోటల్లో బార్‌ని బాగుచేయిస్తున్నారు. పాత గోడని పగలగొడుతుంటే లోపల్నుంచి చిన్న చిన్న గాజు గొట్టాలు బయటపడ్డాయి. ఒకదాంట్లో మార్టినీ, ఒకదాంట్లో మన్‌హాటన్, మరోదాంట్లో వైట్ లేడీ. పక్కనే వాటినెలా కలపాలో రాసిన కాగితం చుట్ట! 1938లో ఆ బార్‌ని తీర్చిదిద్దినప్పుడు హ్యారీ క్రాడక్ అనే బార్‌టెండర్ వాటిని గోడలో పెట్టించాడని ఆ హోటల్ వాళ్లు చెబుతారు. అంతా శుభం జరగాలని అట! మన దగ్గర శంకుస్థాపన గుంటలో నవధాన్యాలూ నవరత్నాలూ వేస్తారే... అలాగన్నమాట.

మనకి బార్ అనగానే గుర్తొచ్చేది వేరు. పగలు కూడా చీకటిగా ఉండే గది, పల్లీల ప్లేటు, ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న బెదురు. ఇంట్లో ఆ మాట ఎత్తడానికే మొహమాటం. లండన్‌లోని పాత కాక్‌టెయిల్ బార్ల సంగతి అలా ఉండదు. ఓ మూల పియానో మోగుతుంటుంది. తెల్లకోటు వేసుకున్న మనిషి ఏదో పూజాసామగ్రి సర్దుతున్నంత శ్రద్ధగా గ్లాసులు తుడుస్తుంటాడు. అక్కడికి తాగడానికే కాదు, చూడడానికి వెళ్లేవాళ్లూ బోలెడుమంది. ఎందుకంటే అవి ఆ నగరానికి మ్యూజియాల్లాంటివి. కాకపోతే ఈ మ్యూజియంలో వస్తువులు అద్దాల పెట్టెలో ఉండవు. రోజూ కొత్తగా తయారవుతాయి.

ఐసుతో మొదలు

లండన్‌లో ఇలాంటి బార్లకి పెద్దదిక్కు స్ట్రాండ్ వీధిలోని సవాయ్ హోటల్. 1889లో మొదలైంది. అందులోని బార్ పేరు 'అమెరికన్ బార్'. ఇంగ్లండు నడిబొడ్డున అమెరికా పేరేమిటీ అనిపిస్తుంది. ఆ రోజుల్లో అమెరికన్ బార్ అంటే యజమాని అమెరికావాడని కాదు. అమెరికా పద్ధతిలో రకరకాల మద్యాలను ఐసుతో కలిపి చల్లగా ఇచ్చే చోటని అర్థం. యూరప్‌లో చాలాచోట్ల అదే పేరుతో బార్లు వెలిశాయి.

అసలు కిటుకంతా ఆ ఐసులోనే ఉంది. ఫ్రిజ్ లేని కాలంలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో గడ్డకట్టిన చెరువుల్ని రంపాలతో కోసి, ఆ దిమ్మల్ని రంపపు పొట్టులో చుట్టి ఓడలకెక్కించేవారు. 1840ల్లో వెనమ్ లేక్ కంపెనీ ఇదే స్ట్రాండ్ వీధిలో ఓ దుకాణం కిటికీలో పెద్ద ఐసు దిమ్మని ప్రదర్శనకి పెట్టింది. దాని వెనక ఓ వార్తాపత్రికని ఆనించారు. గడ్డ ఎంత స్వచ్ఛంగా ఉందంటే, దానిగుండా అక్షరాలు చదవొచ్చు! దారినపోయేవాళ్లు గుంపులుగా ఆగి మరీ చూశారు.

మసాచుసెట్స్ ఐసు మన దేశానికీ వచ్చింది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి 1833లో కలకత్తాకి ఓడనిండా ఐసు పంపాడు. మద్రాసులో దాన్ని నిల్వ చేయడానికి మెరీనా ఒడ్డున 1842లో కట్టిందే ఐస్‌హౌస్. 1897లో స్వామి వివేకానంద తొమ్మిది రోజులు బస చేసిందీ ఆ భవనంలోనే. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. లండన్ దొర గ్లాసులో గలగలలాడిన ఐసుకీ మెరీనా దగ్గరి ఆ గుండ్రటి భవనానికీ పుట్టిల్లు ఒకటే!

నిజాంపట్నానికి ఓ ఉత్తరం

ఇంకాస్త వెనక్కి వెళితే చుట్టరికం మరీ దగ్గరవుతుంది. కాక్‌టెయిల్‌కి తాతలాంటిది 'పంచ్'. మద్యం, పంచదార, నిమ్మరసం, నీళ్లు, సుగంధద్రవ్యాలు... ఈ ఐదూ కలిపి పెద్ద గిన్నెలో పోసి, చుట్టూ కూర్చుని తాగేవారు. ఐదు వస్తువులు కాబట్టే మన 'పంచ' నుంచే ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్పేమాట. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు, నావికులు ఇక్కడి సారాతో దీన్ని మరిగి, ఆ అలవాటుని లండన్‌కి మోసుకెళ్లారు. శ్రీరామనవమి పానకంలో బెల్లం, మిరియాలు, యాలకులు కలుపుతాం కదా... మద్యం సంగతి పక్కనపెడితే వరసకి దూరపు చుట్టమే.

ఆంగ్లంలో ఆ మాట తొలిసారి కనిపించేది 1632 సెప్టెంబరు నాటి ఓ ఉత్తరంలో. రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి, పెట్టపోలిలో ఉన్న థామస్ కోలీ అనే వర్తకుడికి రాసింది. మంచి స్నేహితులతో కలిసి ఉన్నావు కదా, పంచ్‌కి లెక్కాపత్రం పెట్టుకోవద్దన్నది అందులోని సలహా. ఇంతకీ ఆ పెట్టపోలి ఎక్కడుందీ అంటారా... మన కోస్తాలోని నేటి నిజాంపట్నమే! మచిలీపట్నంతోపాటు ఆంగ్లేయులు తొలినాళ్లలో దిగిన రేవుల్లో అదొకటి.

'కాక్‌టెయిల్' అంటే ఏమిటో ఓ పత్రిక తొలిసారి వివరంగా చెప్పింది 1806లో. న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణంలో అచ్చయ్యే పత్రిక అది. మద్యం, చక్కెర, నీళ్లు, చేదు మూలికల సారం... ఈ నాలుగూ కలిస్తే కాక్‌టెయిల్ అని పాఠకుడి ప్రశ్నకి జవాబిచ్చింది. ఆ తర్వాత ఎన్ని వేల రకాలు పుట్టినా మూలసూత్రం మారలేదు. తీపి, పులుపు లేదా చేదు, ఘాటు... వీటిలో ఏదీ మరోదాన్ని మింగేయకూడదు. పచ్చిపులుసు కలిపేటప్పుడు మన అమ్మమ్మలు నాలుక మీద చుక్క వేసుకుని చూసుకునేదీ ఇదే కదా!

'కోలీ' చేతి చలవ

1903లో సవాయ్‌లోని అమెరికన్ బార్ బాధ్యత ఓ మహిళ చేతికొచ్చింది. పేరు ఏడా కోల్‌మన్. అందరూ ముద్దుగా 'కోలీ' అనేవారు. తండ్రి చనిపోవడంతో పనిలో చేరక తప్పని పరిస్థితి ఆమెది. క్లారిడ్జెస్ హోటల్లో 1899లో పని నేర్చుకుంది. ఆడవాళ్లకి ఓటుహక్కు కూడా లేని రోజుల్లో, లండన్‌లోకెల్లా ఖరీదైన హోటల్లో, మగవాళ్లతో కిక్కిరిసే బార్‌ని రెండు దశాబ్దాలకు పైగా నడిపింది.

ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో చార్లెస్ హాట్రీ అనే హాస్యనటుడొకడు. ఓసారి బాగా అలసిపోయి వచ్చి, కాస్త ఊపునిచ్చేదేదైనా ఇమ్మన్నాడు. కోలీ గంటల తరబడి ప్రయోగాలు చేసి, జిన్, తియ్యని వెర్మూత్, చేదుగా ఉండే ఫెర్నెట్ బ్రాంకాలతో ఓ కొత్త పానీయం తయారుచేసింది. తర్వాత అతడొచ్చినప్పుడు గ్లాసు చేతికిచ్చింది. ఓ గుక్క తాగి చూసి, గ్లాసు ఖాళీ చేసి, ఇదీ అసలైన 'హాంకీ పాంకీ' అన్నాడట. మాయాజాలం, గారడీ అన్న అర్థంలో వాడేవారు ఆ మాటని అప్పట్లో. పానీయానికి అదే పేరైపోయింది. ఆ కథని కోలీయే 1925లో ఓ పత్రికకి చెప్పింది.

అప్పటికే ఆమె రోజులు అక్కడ అయిపోయాయి. బార్‌ని మరమ్మతులకోసం మూసి తిరిగి తెరిచేసరికి బల్ల వెనక పెద్ద హోదాలో నిలబడ్డది హ్యారీ క్రాడక్. గోడలో సీసాలు దాచాడని చెప్పుకున్నామే, ఆయనే. ఇంగ్లండులో పుట్టి అమెరికా వెళ్లి పని నేర్చాడు. 1920లో అక్కడ మద్యనిషేధం రావడంతో వెనక్కి వచ్చేశాడు. ఆ నిషేధం 1933 దాకా సాగింది. అమెరికా బార్లు మూతపడి, చేయితిరిగిన బార్‌టెండర్లెందరో చెల్లాచెదురయ్యారు. దాహంతో ఉన్న అమెరికన్ యాత్రికులేమో ఓడలెక్కి లండన్‌కి వచ్చారు. సవాయ్‌కి అదో స్వర్ణయుగం.

1930లో క్రాడక్ పేరుతో వచ్చిన 'సవాయ్ కాక్‌టెయిల్ బుక్' ఇప్పటికీ బార్‌టెండర్లకి పెద్దబాలశిక్ష. దాదాపు 750 రకాల తయారీ ఉంది అందులో. కోలీ హాంకీ పాంకీ కూడా ఉంది. కానీ పుస్తకం అట్టమీద ఆమె పేరు లేదు. దశాబ్దాలపాటు కాక్‌టెయిల్ అంటే క్రాడక్ పేరే చెప్పుకున్నారు. కోలీ మాత్రం 1966 దాకా బతికి, ఆ సందడికి దూరంగానే వెళ్లిపోయింది.

పోనీ, పేరొచ్చిన క్రాడక్ అయినా సుఖపడ్డాడా అంటే అదీ లేదు. లండన్‌లోని గొప్ప హోటళ్లలో రాజులకీ సినీతారలకీ గ్లాసులందించిన మనిషి 1963లో పేదరికంలో చనిపోయాడు. దిక్కులేనివాళ్లని పూడ్చే సామూహిక సమాధిలో పూడ్చారు. ఆయన పుస్తకం మాత్రం మళ్లీ మళ్లీ అచ్చవుతూనే ఉంది.

మూడోది అడగొద్దు

సెయింట్ జేమ్స్ ప్రాంతంలో ఓ సందు చివర డ్యూక్స్ హోటల్ ఉంది. తెలియనివాళ్లు దాటి వెళ్లిపోయేంత నెమ్మదిగా ఉంటుంది. దాని బార్‌కి జేమ్స్‌బాండ్ సృష్టికర్త ఇయాన్ ఫ్లెమింగ్ వచ్చేవాడు. బాండ్ మార్టినీ కబుర్లకి అదే ప్రేరణ అని అంటుంటారు. కలియతిప్పొద్దు, షేక్ చేయమని చెప్పే బాండ్ మాట ప్రపంచానికంతా తెలుసు. తమాషా ఏంటంటే, డ్యూక్స్‌లో ఈ రెండూ చేయరు! ఓ చిన్న చెక్కబండిని టేబుల్ దగ్గరికి తోసుకొస్తారు. గడ్డకట్టే చలిలో ఉంచిన గ్లాసు తీసి, వెర్మూత్‌తో దాన్ని తడిపి, అంతే చల్లగా ఉన్న జిన్‌ని నేరుగా పోస్తారు. పైన నిమ్మతొక్క నూనె చిలకరిస్తారు. ఐసు ముక్క కూడా తగలదు.

ఇక్కడే ఓ లెక్క ఉంది. మామూలుగా ఐసుతో కలిపినప్పుడు కొంత ఐసు కరిగి నీళ్లవుతుంది. గ్లాసులోకి చేరినదాంట్లో ఇంచుమించు ఐదోవంతు ఆ నీళ్లే ఉంటాయి. ఘాటుని తగ్గించేది అదే. డ్యూక్స్‌లో ఆ నీళ్లే ఉండవు కాబట్టి దెబ్బ గట్టిగా ఉంటుంది. అందుకే ఒక్కొక్కరికి రెండే గ్లాసులని నియమం పెట్టుకున్నారు. అమ్ముకునేవాడే ఇక చాలని చెప్పడం వ్యాపారంలో అరుదు. మంచి బార్‌కి గుర్తేమిటని అడిగితే, ముందుగా చెప్పాల్సింది ఇదే.

వేషం వేరు, వయసు వేరు

పాత బార్ వెతకడానికి బయలుదేరినవాళ్లని ముందు బోల్తా కొట్టించేది అలంకరణ. రిట్జ్ హోటల్లోని రివోలీ బార్‌ని చూస్తే 1920లలో అడుగుపెట్టినట్టే ఉంటుంది. హోటల్ 1906 నాటిదే. కానీ బార్‌కి ఆ రూపం వచ్చింది 2001లో! దీనికి పూర్తిగా వ్యతిరేకం రీజెంట్ వీధిలోని కెఫే రాయల్ కథ. 1865లో మొదలై, ఆస్కార్ వైల్డ్ లాంటి రచయితలకి రెండో ఇల్లయిన చోటది. 1937లో తమ సొంత కాక్‌టెయిల్ పుస్తకాన్ని కూడా తెచ్చింది. అలాంటిది 2008 చివర్లో మూతపడింది. ఆ వెంటనే లోపలి సామానంతా వేలానికెళ్లింది. 2012లో అదే పేరుతో హోటల్‌గా తిరిగి తెరిచారు.

సవాయ్ కూడా ఈ గండం దాటే వచ్చింది. 2007 డిసెంబరులో మరమ్మతులకోసం మూసి, మంచాలూ కుర్చీలూ పియానోతో సహా వేల వస్తువులు వేలం వేశారు. జనం ఎగబడి కొన్నారు. హోటల్ మళ్లీ తెరిచింది 2010 అక్టోబరులో. కుర్చీలు పోయినా బార్ ఎలా నిలిచిందీ అంటే... పద్ధతి పోలేదు కాబట్టి. ఒక బార్‌టెండర్ తన తర్వాతివాడికి చేత్తో నేర్పి వెళ్లడం అక్కడి సంప్రదాయం. 2017లో ప్రపంచంలోని 50 మేటి బార్ల జాబితాలో మొదటి స్థానం దక్కింది ఆ అమెరికన్ బార్‌కే.

మరి చూడగానే అసలు సంగతి పోల్చుకోవడం ఎలా? గోడలు వదిలేసి చేతులు చూడాలి. నిమ్మకాయల్ని అప్పటికప్పుడు పిండుతున్నారా, సీసాలో రసం వంచుతున్నారా? ఐసు పెద్ద ముక్కలుగా, గట్టిగా, తేటగా ఉందా? చిన్న పలుకులైతే త్వరగా కరిగి అంతా నీళ్లపాలవుతుంది. పళ్లరసమో గుడ్డుసొనో ఉన్నవాటిని షేకర్‌లో గిలకొట్టాలి. మద్యాలు మాత్రమే కలిసేవాటిని పొడవాటి చెంచాతో నెమ్మదిగా తిప్పాలి. మొదటిదానికి నురగ కావాలి, రెండోదానికి తేటదనం. మజ్జిగ చిలికినట్టు పాయసాన్ని చిలకం కదా! ఈ తేడా పాటించేవాడు పని నేర్చినవాడని అర్థం. అన్నిటికంటే ముఖ్యం... మెనూ చేతికిచ్చేముందు 'మీకేది ఇష్టం' అని అడుగుతున్నాడా లేదా అన్నది.

కొత్తవీ పాతబడతాయి

క్లాసిక్ కావాలంటే వందేళ్లు నిండాలని రూలేమీ లేదు. 1980ల్లో లండన్‌లోని సోహో ప్రాంతంలో డిక్ బ్రాడ్‌సెల్ అనే బార్‌టెండర్ ఉండేవాడు. నిద్రమత్తు వదిలించేదేదైనా ఇమ్మని ఓ యువతి అడిగితే, పక్కనే ఉన్న కాఫీ మెషీన్ నుంచి చిక్కటి ఎస్‌ప్రెసో తీసి వోడ్కాతో కలిపాడు. అదే ఇప్పుడు ప్రపంచమంతా తాగే ఎస్‌ప్రెసో మార్టినీ. చిన్నప్పుడు ఐల్ ఆఫ్ వైట్ దీవిలో కోసుకుతిన్న బ్లాక్‌బెర్రీల రుచిని గుర్తుచేసుకుంటూ 'బ్రాంబుల్' అనే మరోటి తయారుచేశాడు. 2016లో చనిపోయాడాయన.

పాట రాసినవాడికి రాయల్టీ ఉంటుంది. కథ రాసినవాడికి కాపీరైట్ ఉంటుంది. నాలుగు వస్తువుల్ని ఇంతింత కలపమని చెప్పిన మనిషికి ఆ హక్కు దక్కదు. వేల బార్లలో ఆ గ్లాసు రోజూ అమ్ముడవుతున్నా, కనిపెట్టినవాడికి మిగిలేది పేరొక్కటే. ఆ పేరైనా మిగలాలంటే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చెప్పాలి. పాత బార్లు చేసే అసలు పని అదే.

లండన్ వెళ్లే మనవాళ్లు తాగకపోయినా ఈ చోట్లని చూడొచ్చు. 18 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మడం అక్కడ నేరం. తాగనివాళ్లకి మద్యం లేని పానీయాలు అంతే శ్రద్ధగా కలిపి ఇస్తారు. తాగేవాళ్లకైతే అక్కడి ప్రభుత్వ వైద్యనిపుణుల హెచ్చరిక ఒకటుంది. వారానికి 14 యూనిట్లు దాటొద్దని 2016లో చెప్పారు. యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్. డ్యూక్స్‌వాళ్ల రెండు గ్లాసుల నియమం వెనకున్న ఇంగితం ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

పిల్లల్ని తీసుకెళితే సవాయ్‌లో వాళ్లకీ ఓ వినోదం ఉంది. హోటల్ ముందున్న సవాయ్ కోర్ట్ అనే చిన్న దారిలో బండ్లు కుడివైపున నడుస్తాయి. ఇంగ్లండులో మిగతా వీధులన్నిట్లో ఎడమవైపే! ఇక లోపల కాస్పర్ అనే నల్లపిల్లి బొమ్మ ఉంటుంది. విందులో పదమూడుమంది కూర్చుంటే అశుభమని, పద్నాలుగో అతిథిగా దానికి కుర్చీ వేసి, మెడకి రుమాలు కట్టి, వరసగా అన్నీ వడ్డిస్తారు. నమ్మకాలు మనకొక్కళ్లకే అనుకుంటే పొరపాటే.

2021లో ఆ అమెరికన్ బార్‌కి షానన్ టెబే అనే మహిళ హెడ్ బార్‌టెండర్ అయింది. న్యూయార్క్ నుంచి వచ్చిందామె. ఆ బార్ పేరులో అమెరికా ఉన్నా, ఆ కుర్చీలో కూర్చున్న తొలి అమెరికన్ ఆమే. కోలీ తర్వాత ఆ హోదాలో నిలబడ్డ రెండో మహిళ కూడా. కోలీ ఆ బాధ్యత చేపట్టినప్పటినుంచి అప్పటికి గడిచిన కాలం 118 ఏళ్లు!

క్రాడక్ గోడలో దాచినవి నలభై ఏళ్లకి బయటపడ్డాయి. కోలీ ఎక్కడా ఏమీ దాచలేదు. కానీ ఈ రాత్రి కూడా లండన్‌లో ఏదో ఒక బల్ల దగ్గర ఎవరో హాంకీ పాంకీ అడుగుతారు. పని తెలిసిన బార్‌టెండర్ అయితే, గ్లాసు ముందుపెడుతూ ఆమె పేరు కూడా చెబుతాడు.